పచ్చ రంగు డబ్బా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పచ్చ ఎనామెల్ డబ్బా గారికి,

బెంగళూరు చిక్‌పేట సండే బజారులో పాత పనిముట్ల కోసం తిరిగే పిచ్చివాళ్లందరి తరఫున నమస్కారాలు.

మీ మహిమ సామాన్యమా! శనివారం దాకా తుప్పులో పడున్న బెంచి వైసుకు (బల్లకు బిగించి వస్తువును దవడల మధ్య పట్టి ఉంచే పనిముట్టు) మీరొక పూత పూస్తే చాలు, ఆదివారం పొద్దునకల్లా అది "ఒరిజినల్ ఇంగ్లండ్ సార్" అయిపోతుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో తయారైన రికార్డ్ కంపెనీ వైసు నీలి రంగు పాపం మీకు నచ్చినట్టు లేదు. అయినా అసలు నేరం రంగుది కాదు, దాని కింద పెట్టే పుట్టీది. పోత ఇనుము పగిలిన చోట పుట్టీ కుక్కి, పైన మీ చేత సంతకం పెట్టిస్తారు. కదిలే దవడను ఊడదీసి చిన్న సుత్తితో తడితే మంచి పోత ఖంగుమంటుంది, పగిలింది దబ్బుమంటుంది. అనుమానం తీరకపోతే ఆ చోట మిమ్మల్ని గీకేసి, కిరసనాయిలు రాసి, పది నిమిషాలాగి పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగులుంటే అందులో దాక్కున్న కిరసనాయిలు సుద్ద మీద తడి గీతై బయటికొస్తుంది. బేరానికి ముందు ఇదంతా చేయనిచ్చే కొట్టువాడు దొరకడం వేరే అదృష్టం.

మీరు మింగిన అక్షరాల లెక్క ఇంకా పెద్దది. స్పానర్ మీద 1/4 W అని కొట్టి ఉంటే అది విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ బోల్టుల కొలత: పావు అంగుళం బోల్టుకు పనికొచ్చేదని అర్థం, నోటి వెడల్పు కాదు. నోరు 0.525 అంగుళం, అంటే దాదాపు 13.3 మిల్లీమీటర్లు. ఆ అక్షరాలు మీ కింద పూడిపోతే 13 మిల్లీమీటర్ల పానా అని అమ్ముడుపోతుంది, నట్టు మూలలు గుండ్రమయ్యేదాకా ఎవరికీ తెలియదు. స్టాన్లీ కంపెనీ చిత్రికలో ఫ్రాగ్ (బ్లేడును మోసే ముక్క) వెనక పోతలో APR-19-10 అని కనిపిస్తే, అమ్మేవాడు "1910 మాలు" అంటాడు. అది పేటెంటు తేదీ సార్, పుట్టినరోజు కాదు. చిత్రిక ఆ తర్వాత ఎప్పుడైనా పోసి ఉండొచ్చు. రేకు నామఫలకాన్ని అసలే నమ్మకూడదు, రివెట్లు తీస్తే ఏ మిషన్ మీదికైనా వలస పోగలదు. 1953లో ఇదే ఊళ్లో మొదలైన మిషన్ల కంపెనీ హెచ్‌ఎంటీ రేకైనా సరే. పోతలో ఉబ్బెత్తుగా వచ్చిన అక్షరాలకు ఆ సౌకర్యం లేదు.

ఇక లేతు మీదికి మీరొచ్చినప్పుడు నూనె రంధ్రాలు కూడా పూడ్చేస్తారు. కొన్నవాడు మర్యాదగా నూనె పోస్తాడు, అది పైనే నిలుస్తుంది, లోపల కంచు బుష్ ఎండిపోయి అరిగిపోతుంది.

మిమ్మల్ని వదిలించుకోవడంలోనూ మావాళ్లు ఘనులే: గ్రైండర్‌కు వైరు చక్రం తగిలించి గిరగిరా తిప్పుతారు. రంగుతో పాటు లోతు తక్కువ అచ్చులూ పోతాయి. కొత్త పూతకు ఎన్‌సీ థిన్నర్‌తో (రంగును పలచన చేసే ద్రావకం) తడిపిన గుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ పరిచి ఉంచితే మెత్తబడుతుంది. కిందున్న పాత రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా రుద్దకూడదు. ఆపైన సుద్ద పూసి, టార్చి పక్కనుంచి వేస్తే అక్షరాలు తేలతాయి.

ఇట్లు,
మీ పొలుసులు గోళ్లతో గీకేవాళ్లు

తా.క.: మీ మూత ఎత్తడానికి ఆ కొట్టులో వాడేది ఒక పాత ఉలి. దాని మెడ మీద ఏదో అచ్చు ఉంది. మీరు గడ్డకట్టి కూర్చున్నారు కనుక చదవలేకపోతున్నాం.