చలాన్ బండికి, లైసెన్స్ మనిషికి

తెలంగాణలో పెండింగ్ చలాన్లపై ప్రభుత్వం రాయితీ ప్రకటించినప్పుడల్లా వాహనదారుల ముఖాల్లో పండుగ కనిపిస్తుంది. 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరు చివరి నుంచి 2024 ఫిబ్రవరి వరకు ఇంకోసారి ఆ అవకాశం వచ్చింది. రెండోసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు 60 శాతం తగ్గించారు. బైకు మీద వెయ్యి రూపాయల చలాన్లు పేరుకుపోయినవారు రెండు వందలు కట్టి బయటపడ్డారు. సొమ్ము కట్టేశాం కాబట్టి ఉల్లంఘన కూడా చెల్లిపోయిందన్న నమ్మకం ఈ రాయితీలతో మరింత గట్టిపడింది. కానీ చట్టంలో ఉన్నది దీనికి పూర్తిగా భిన్నం.

1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి తెచ్చిన నిబంధనల్లో 206వ సెక్షన్‌కు చేర్చిన నాలుగో ఉపవిభాగం ఒకటి. అతివేగం, ప్రమాదకరమైన డ్రైవింగ్, మద్యం తాగి నడపడం, రోడ్లపై పందేలు, ట్రిపుల్ రైడింగ్, హెల్మెట్ లేకపోవడం, అంబులెన్సుకు దారి ఇవ్వకపోవడం వంటి నేరాల్లో పోలీసు అధికారి లైసెన్సును స్వాధీనం చేసుకుని లైసెన్సింగ్ అధికారికి పంపాలని అది చెబుతోంది. ఆ అధికారి 19వ సెక్షన్ కింద సంజాయిషీ విని, నేరం రుజువైందని భావిస్తే మొదటిసారి మూడు నెలలు బండి నడపకుండా అనర్హత (సస్పెన్షన్) విధించవచ్చు, రెండోసారైతే లైసెన్సునే రద్దు చేయవచ్చు. (మన పత్రికలు సస్పెన్షన్‌ను కూడా ‘రద్దు’ అనే రాస్తుంటాయి గానీ, గడువు తీరాక తిరిగి చేతికొచ్చే లైసెన్సుకూ మొత్తంగా పోయిన లైసెన్సుకూ చాలా తేడా ఉంది.) ఇక ప్రమాదకరమైన డ్రైవింగ్ అంటే బీభత్సంగా దూసుకెళ్లడం ఒక్కటే కాదు. సిగ్నల్ జంప్ చేయడం, చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం, రాంగ్ రూట్‌లో రావడం కూడా 184వ సెక్షన్ వివరణలో అదే కోవలో ఉన్నాయి. నగరంలో ఏ కూడలి దగ్గర పది నిమిషాలు నిలబడినా కనిపించే దృశ్యాలివి.

రాజీ రుసుము గురించి చెప్పే 200వ సెక్షన్ ఇంతకన్నా కీలకం. మనం చలాన్ కట్టడమంటే ఈ సెక్షన్ కింద కేసును కోర్టు దాకా పోనీయకుండా ముగించుకోవడమే. 2019లో దీనికి రెండు షరతులు తగిలించారు. మళ్లీ అదే నేరం చేస్తే, డబ్బు కట్టి ముగించుకున్న దాన్ని కూడా ‘పూర్వ నేరం’గా లెక్కించాలి. డబ్బు కట్టినంత మాత్రాన లైసెన్సుపై చర్యల నుంచి విముక్తి ఉండదు. అంటే, ఎనభై శాతం రాయితీతో కట్టిన చలాన్ సైతం కాగితం మీద మన లైసెన్సును వెంటాడుతూనే ఉంటుంది.

అయితే ఆచరణలో వెంటాడదు. అందుకు కారణం అధికారుల అలసత్వం కన్నా వ్యవస్థను నిర్మించిన తీరులోనే ఎక్కువగా ఉంది. కెమెరాకు చిక్కేది నంబరు ప్లేటు. ఆ నంబరు ఆధారంగా చలాన్ వెళ్లేది యజమాని పేరు మీదికి. ఆ సమయంలో బండి నడిపింది తమ్ముడో, స్నేహితుడో, జీతానికి పెట్టుకున్న డ్రైవరో ఎవరికీ తెలియదు. తెలియని మనిషి లైసెన్సును ఎవరు మాత్రం ఎలా సస్పెండ్ చేస్తారు? డ్రంక్ అండ్ డ్రైవ్ కేసుల్లో మాత్రమే మనవాళ్లు లైసెన్స్ గురించి నిజంగా భయపడటానికి కారణమూ ఇదే. శ్వాస పరీక్ష యంత్రంలోకి ఊదేది బండి కాదు, మనిషి. పైగా ఆ నేరం రాజీ రుసుముతో తీరేది కాదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కోర్టు మెట్లెక్కాల్సిందే. హైదరాబాద్‌లో అయితే అంతకుముందు కుటుంబ సభ్యుడిని వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కు కూర్చోవాలి. చాలామందికి జరిమానా కన్నా అదే ఎక్కువ సిగ్గు.

ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం తెలంగాణ ముందుగానే చేసింది. 2017 ఆగస్టు 1న మొదలైన పెనాల్టీ పాయింట్ల పద్ధతిలో హెల్మెట్ లేకపోతే ఒకటి, తాగి కారు నడిపితే నాలుగు చొప్పున పాయింట్లు వేసి, 24 నెలల్లో అవి 12కు చేరితే ఏడాదిపాటు లైసెన్స్ సస్పెండ్ చేయాలన్నది ఉద్దేశం. కొన్నాళ్లు చర్చ నడిచింది, ఆ తర్వాత జనం నోట చలాన్ మాటే మిగిలింది. బ్రిటన్‌లోనూ లెక్క 12 పాయింట్లే. మూడేళ్లలో అన్ని చేరితే మామూలుగా ఆరు నెలలు బండి ముట్టకూడదు. కానీ అక్కడ కెమెరాకు చిక్కిన వాహనం యజమానికి ముందు నోటీసు వస్తుంది, ఆ సమయంలో నడిపింది ఎవరో అతను చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు పాయింట్లు అతని ఖాతాలోనే పడతాయి. ఉన్నత చదువులకు అక్కడికి వెళ్లిన మన పిల్లలు ఈ పాఠాన్ని వేగంగానే నేర్చుకుంటారు. మన చట్టంలోనూ 133వ సెక్షన్ పోలీసులు అడిగితే డ్రైవర్ పేరు, లైసెన్స్ వివరాలు చెప్పే బాధ్యతను యజమానిపై పెట్టింది. ప్రతి ఈ-చలాన్‌తోపాటు ఆ ప్రశ్నను కూడా పంపడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

అలాగని రేపటి నుంచే అన్ని సస్పెన్షన్లూ అమలు చేయమనడం న్యాయం కాదు. హెల్మెట్ లేని మొదటి నేరానికే వెయ్యి రూపాయల జరిమానాతోపాటు మూడు నెలల అనర్హత అని 194-డి సెక్షన్ చెబుతోంది. కారున్నవాడు ఆ మూడు నెలలకు డ్రైవర్‌ను పెట్టుకుంటాడు, బైక్ మీద భోజనం చేరవేసే కుర్రాడికి మాత్రం పొయ్యి ఆరిపోతుంది. సంజాయిషీ వినాలని, కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని, ముప్పై రోజుల్లో అప్పీలుకు వెళ్లవచ్చని చట్టం చెబుతున్నా, ఒక రోజు కూలి వదులుకుని ఆర్టీఏ కార్యాలయం చుట్టూ తిరగగలిగేవారు ఎందరు? అందుకే సిగ్నల్ జంప్, రాంగ్ రూట్, ఫోన్ వంటి ఎదుటివాడి ప్రాణం తీసే ఉల్లంఘనలతో మొదలుపెట్టి, హెల్మెట్ కేసుల్లో శిక్షణ తరగతితో సరిపెట్టే సవరణను ఆలోచించాలి. లేదంటే అనర్హత పడిన మనిషి ఆ మూడు నెలలూ దొంగచాటుగా నడుపుతూనే ఉంటాడు. దొరికితే పది వేల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఆ మధ్యలో ఎవరినైనా ఢీకొడితే, అనర్హుడు నడిపాడన్న కారణం చూపి బీమా కంపెనీ తప్పుకోవడానికి చూస్తుంది, పరిహారం భారం చివరికి బండి యజమాని నెత్తిన పడవచ్చు.