సవరణ: ఆ గులాబీ రంగు లిథియంది కాదు

మొన్న పాలీలిథియోనైట్ అనే అరుదైన అభ్రకం గురించి రాస్తూ, లిథియం ఎక్కువ కాబట్టే అది గులాబీ రంగులో ఉంటుందని చెప్పాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాశాను.

లిథియం అయాన్‌కి అసలు రంగే ఉండదు. లిథియం అభ్రకాల్లో కనిపించే గులాబీ, ఊదా రంగులు ఎక్కువగా మాంగనీసు వల్ల వస్తాయి, ఇది ఖనిజశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. మన గరివిడి వైపు గనుల్లో నల్లగా కనిపించే ఖనిజంలోని మాంగనీసే, ఇక్కడ పిసరంత కలిస్తే చాలు, రాయికి గులాబీ రంగు తెస్తుంది. నిజానికి పాలీలిథియోనైట్ చాలాసార్లు రంగు లేకుండానో, తెల్లగానో, లేత ఆకుపచ్చగానో దొరుకుతుంది. ఫార్ములా లెక్కన దాని బరువులో లిథియం ఆక్సైడ్ సుమారు 7.7 శాతం, ఆ మాట మాత్రం పాత పోస్టులో సరిగ్గానే ఉంది. దీన్ని మొదట వర్ణించింది 1884లో, గ్రీన్‌లాండ్ రాళ్లలో. కెనడాలోని మోంట్ సెయింట్ హిలేర్‌లో కూడా దొరుకుతుంది.

ఇంత వివరంగా ఎందుకంటే, ఆ పోస్టు చదివి చీపురుపల్లి నుంచి ఒక తమ్ముడు, కొండ పక్కన దొరికిన గులాబీ రాయి ఫోటో పంపి "అన్నా, ఇందులో లిథియం ఉన్నట్టేనా?" అని ఎంతో ఆశగా అడిగాడు. తమ్ముడూ, రంగు చూసి ఆ మాట చెప్పలేం, ల్యాబ్‌లో రసాయన పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. అప్పటిదాకా దాని మీద డబ్బులు ఖర్చు పెట్టకు. పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.