సర్కారుకు పిల్లలిచ్చిన అప్పు

మన పిల్లల చదువుకు బ్యాంకులు అప్పివ్వడం లేదని అందరూ వాపోతున్నారు. అసలు సంగతి ఎవరి కంటా పడినట్టు లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద సర్కారు కట్టాల్సిన కాలేజీ ఫీజులు బకాయి పడితే, అవి తామే కట్టి మన పిల్లలే అప్పులిస్తున్నారు, అదీ సాక్షాత్తూ రాష్ట్ర ప్రభుత్వానికి. వడ్డీ లేదు, నోటు రాయించుకోవడం లేదు, గడువూ అడగరు. ఇంత ఉదారమైన విద్యారుణ పథకాన్ని నడుపుతున్నందుకు రెండు తెలుగు రాష్ట్రాలకూ అభినందనలు.

2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైనప్పుడు లెక్క సులువు. పిల్లవాడు చదువుతాడు, సర్కారు కడుతుంది. కూలి పని చేసేవాళ్ళ ఇళ్ళలోంచి ఇంజనీర్లు వచ్చారు, కాదంటే కళ్ళు పోతాయి. ఆ లెక్కలో మొదటి సగం ఇప్పటికీ ఠంచనుగా జరుగుతోంది.

రెండో సగం మీదే పరిశోధన సాగుతోంది. తెలంగాణలో బీసీ పిల్లవాడి ఇంజనీరింగ్ ర్యాంకు 10,000 దాటితే సర్కారు వాటా 35,000 రూపాయలు, మిగతాది వాళ్ళ నాన్న వాటా. ఆంధ్రాలో 2021 నుంచి ఆ డబ్బు తల్లుల ఖాతాల్లో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక, మళ్ళీ కాలేజీల ఖాతాలకే అన్నారు. ఏ ఖాతాలో వెయ్యాలన్న దాని మీద జరిగినంత చర్చ ఎప్పుడు వెయ్యాలన్న దాని మీద జరిగితే ఈపాటికి ఎవరో ఒకరి ఖాతాలో పడి ఉండేవి.

ఇక తాకట్టు సంగతి. ఏ కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గరైనా కాసేపు నిలబడండి.

"సార్, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వండి. సోమవారం జాయినింగ్."

"గవర్నమెంట్ నుంచి రాలేదమ్మా. ఇప్పటికి నువ్వు కట్టేసి తీసుకెళ్ళు, వాళ్ళు వేశాక నీది నీకిచ్చేస్తాం."

"ఎప్పుడేస్తారు సార్?"

క్లర్కు వేలు పైకి చూపిస్తాడు. పైన సీలింగ్ ఫ్యానుంది, అదీ తిరగడం లేదు.

ఆ సాయంత్రం అమ్మ గొలుసు గోల్డ్‌లోన్ ఆఫీసుకెళ్తుంది. అంటే అప్పు సర్కారుది, తాకట్టు పిల్లది, వడ్డీ తల్లిది. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ఒరిజినల్ కూడా ఏ కాలేజీ బీరువాలోనో ఉండి ఉంటుంది. పోనీ యాజమాన్యాలనే తిడదామా అంటే, బకాయిల పేరు చెప్పి వాళ్ళు లెక్చరర్ల జీతాలూ ఆపేస్తున్నారు. అంటే లెక్చరర్లూ సర్కారుకు అప్పిచ్చినవాళ్ళే.

కాబట్టి నా సూచన ఒక్కటే. ఆర్థిక శాఖ అందరిలాగే బ్యాంకుకెళ్ళి ఎడ్యుకేషన్ లోన్‌కు అప్లై చెయ్యాలి. 7.5 లక్షలు దాటితే ఆస్తి తాకట్టు పెట్టమంటారు. మనవి వేల కోట్ల బకాయిలు గనక మేనేజరు కాస్త ఎక్కువ కాగితాలే అడుగుతాడు. అప్పులు తీర్చిన తీరు చెప్పే సిబిల్ స్కోరు చూస్తాడు, పాత బకాయిల గురించి ఆరా తీస్తాడు. తాకట్టూ, హామీదారూ లేకుండా ఇచ్చే పీఎం విద్యాలక్ష్మి 2024లో వచ్చింది గానీ, అది కేంద్రం ఎంపిక చేసిన సంస్థల్లో మెరిట్ మీద సీటొచ్చినవాళ్ళకే. సచివాలయం ఆ లిస్టులో ఉన్నట్టు లేదు.

ఒక్క నిబంధన మాత్రం మన అధికారులకు బొత్తిగా నచ్చదు. కోర్సు అయ్యాక ఏడాది గడిస్తే వాయిదాలు మొదలుపెట్టాలట. వాళ్ళకు అలవాటైన గడువు వచ్చే ఎన్నికలు.

ఈలోగా బకాయి ఉన్న ప్రతి విద్యార్థికీ రికవరీ ఏజెంటు కార్డు ఇవ్వాలి. బాకీదారుకు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. పిల్లలు బుద్ధిమంతులు, పాటిస్తారు. మిగిలిన 11 గంటల్లో మంత్రిగారు ఒక్కసారి ఫోనెత్తితే చాలు.