మైనస్ ముప్పై అయిదు సరే, ఎన్ని గంటలకి?

సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి అంటారు. ఆ సామెత పుట్టిన ఊళ్లలో శివరాత్రికల్లా చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది. చికాగోలో శివరాత్రికి రెండో విడత దిగుతుంది. ఇక్కడ ఏడాది మొత్తంలో చలి ముదిరేది జనవరి మధ్య నుంచి నెలాఖరు దాకా. మన తెలుగు సంఘాలు సంక్రాంతి సంబరాలు పెట్టుకునేదీ సరిగ్గా ఆ శనివారాల్లోనే. పండగ తేదీ మార్చమని ఎవరూ అనరు, హాలు దొరికిన రోజే పండగ. మారాల్సింది వాతావరణ సూచన చూసి సభ జరపాలో వద్దో తేల్చుకునే పద్ధతి.

ఇప్పుడు నడుస్తున్నది ఇదీ. గురువారం రాత్రి వాట్సాప్ గ్రూపులోకి ఒక స్క్రీన్‌షాట్ వస్తుంది. దాని మీద ఊదా రంగు పటం, మధ్యలో -35. ఆ కింద రెండొందల మెసేజీలు. సగం మంది రద్దు చెయ్యమంటారు, సగం మంది "ఇంతకన్నా చలి చూశాం" అంటారు. ఆ -35 థర్మామీటరు చూపించేదా, విండ్ చిల్లా (గాలి వల్ల ఒంటికి తెలిసే చలి), ఏ ఊరిది, ఎన్ని గంటలది అని మాత్రం ఒక్కరూ అడగరు. అడగాల్సింది ఆ నాలుగు ప్రశ్నలే.

(ఇక్కడ రాసిన డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు చెప్పేటప్పుడు మాత్రం మార్చి చెప్పండి. ఫారెన్‌హీట్ సున్నా అంటే సెల్సియస్‌లో -18. "ఇవాళ సున్నా అట" అంటే వాళ్లు నీళ్లు గడ్డకట్టే చలి అనుకుని శాలువా కప్పుకుని వాకిట్లోకి వెళ్తారు.)

విండ్ చిల్ ఒంటి లెక్క, వస్తువుల లెక్క కాదు. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నేషనల్ వెదర్ సర్వీస్ ఇప్పుడు వాడే సూత్రం 2001 నుంచి అమల్లో ఉంది. అయిదడుగుల ఎత్తులో మనిషి ముఖం, గంటకు మూడు మైళ్ల నడక, ఎండ లేదు అనుకుని చర్మం ఎంత వేగంగా వేడి కోల్పోతుందో అందులో లెక్కగడతారు. గాలి ఉష్ణోగ్రత -10 ఉన్నప్పుడు గాలి వేగం 5 మైళ్లయితే విండ్ చిల్ -22. అదే చలిలో గాలి 20 మైళ్లకు పెరిగితే -35. థర్మామీటరు కదల్లేదు, ముఖానికి మాత్రం లోకం మారిపోయింది. విండ్ చిల్ -19 దగ్గర కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టొచ్చు. -35 దగ్గర పది నిమిషాలు చాలు.

నీళ్ల పైపుకీ కారు బ్యాటరీకీ విండ్ చిల్ లేదు. గాలి వీస్తే అవి తొందరగా చల్లబడతాయి, అంతే. బయటి ఉష్ణోగ్రత కన్నా కిందికి దిగవు. కాబట్టి మనుషుల కోసం ఒక అంకె, ఇంటికీ కారుకీ ఇంకో అంకె చూడాలి. టీవీవాళ్లు పెద్ద అక్షరాల్లో ఎప్పుడూ మొదటిదే వేస్తారు, భయపెట్టేది అదే గనక.

ఇక గంట సంగతి. అసలు తిరకాసంతా ఇక్కడే. ఒక శనివారం తీసుకుందాం. ఫోన్లో యాప్ "గరిష్ఠం 24, కనిష్ఠం -7" అని చూపిస్తుంది. చూసినవాళ్లు మధ్యాహ్నానికి 24 ఉంటుంది కదా, పర్వాలేదు అనుకుంటారు. ఆ 24 శుక్రవారం అర్ధరాత్రి దాటగానే నమోదయ్యేది. తెల్లవారుజామున ఆర్కిటిక్ గాలి దిగిందంటే సూర్యుడు నడినెత్తికొచ్చినా ఉష్ణోగ్రత పడుతూనే ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి, జనం హాలుకొచ్చే వేళకి, ఉష్ణోగ్రత 5, గాలి 20 మైళ్లు, విండ్ చిల్ -15. రాత్రి తొమ్మిదింటికి, పిల్లలు నిద్రమత్తులో పార్కింగ్ లాట్‌లోకి వెళ్లేటప్పుడు, ఉష్ణోగ్రత -5, విండ్ చిల్ -29. ఆ స్క్రీన్‌షాట్‌లోని -35 ఆదివారం ఉదయం ఆరింటిది, అప్పటికి హాల్లో పురుగు కూడా ఉండదు. రోజుకొక బొమ్మ, రెండు అంకెలు వేసే యాప్‌లో ఇదేమీ తెలియదు. వెదర్ సర్వీస్ సైట్లో హాలు ఉన్నచోట పటం మీద నొక్కి, గంటలవారీ గ్రాఫ్ తెరిస్తే ఉష్ణోగ్రత, గాలి, విండ్ చిల్ మూడూ వరసగా కనిపిస్తాయి. రెండు నిమిషాల పని.

హాలు ఉన్నచోటే ఎందుకు నొక్కాలంటే, వార్తల్లో చదివే "చికాగో" ఓహేర్ విమానాశ్రయం. నేపర్‌విల్, అరోరా, డెకాల్బ్ వైపు, పడమటికి పోయేకొద్దీ, ముఖ్యంగా నేలంతా తాజా మంచు పరుచుకుని, గాలి నిలిచి, ఆకాశం తేటగా ఉన్న రాత్రి, ఉష్ణోగ్రత ఇంకా కిందికి జారుతుంది. సూచన గురి తప్పేదీ ఎక్కువగా అలాంటి రాత్రుళ్లే. 2019 జనవరి 30న ఓహేర్‌లో -23. మర్నాడు రాక్‌ఫర్డ్‌లో -31. అదే ఉదయం రాష్ట్రం వాయవ్య మూల మౌంట్ కారల్‌లో -38, ఇల్లినాయ్ చరిత్రలోనే అతి తక్కువ. గాలి ఆగిన రాత్రి థర్మామీటరు దిగుతుంది, విండ్ చిల్ మాత్రం అంతగా భయపెట్టదు. ముందురోజు ఈదురుగాలిలో ఒంటికి కష్టం, మర్నాడు నిశ్శబ్దంలో కారుకి కష్టం. రెండూ ఒకే రాత్రి రావాలనేమీ లేదు.

హెచ్చరికల పేర్లలో కూడా ఒక కిటుకు ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి "విండ్ చిల్ వార్నింగ్" అన్న పేరు లేదు. దాని బదులు "ఎక్స్‌ట్రీమ్ కోల్డ్ వార్నింగ్" అంటున్నారు, అడ్వైజరీని "కోల్డ్ వెదర్ అడ్వైజరీ" చేశారు. కనుక గ్రూపులోకి వచ్చిన బొమ్మ మీద పాత పేరుంటే అది ఏ ఏటి చలికాలానిదో, ఈ వారానిది మాత్రం కాదు. డాలస్ నుంచి వదినగారు పంపిన వార్నింగు కూడా మనకు కొలమానం కాదు. వెదర్ సర్వీస్‌లో ఏ ఊరి ఆఫీసుకా ఆఫీసు స్థానిక అలవాటును బట్టి గీత గీసుకుంటుంది. రోమియోవిల్‌లోని మన ఆఫీసు సాధారణంగా విండ్ చిల్ -30 దగ్గర వార్నింగు ఇస్తుంది. దక్షిణాన అంత చలి రాకముందే ఇస్తారు. ఇక "పోలార్ వోర్టెక్స్ వస్తోందట" అనే మాటను పట్టించుకోనక్కర్లేదు. అది ఏటా చలికాలంలో ధ్రువం మీద, చాలా ఎత్తున, ఉండే గాలి సుడే. రావడం పోవడం దాని పని కాదు. అది అదుపు తప్పినప్పుడు కింది గాలి మనమీదికి జారుతుంది, అదీ ప్రతిసారీ కాదు.

ఇప్పుడు కార్యవర్గాలకు ఒక మాట. రద్దు నిర్ణయం అప్పటికప్పుడు మూడ్‌ని బట్టి తీసుకునేది కాకూడదు. నవంబరులో, చలి రాకముందే, రాసి పెట్టుకోవాలి. మా ప్రతిపాదన ఇది: తలుపులు తెరిచే గంట నుంచి, కార్యక్రమం ముగిశాక ఇంకో గంట దాకా, ఆ హాలు దగ్గర సూచించిన విండ్ చిల్ ఎప్పుడైనా -30కి చేరితే, లేదా ఎక్స్‌ట్రీమ్ కోల్డ్ వార్నింగ్ ఆ గంటల్ని కప్పితే, వాయిదా. -20 నుంచి -30 మధ్య ఉంటే సభ జరుగుతుంది, కానీ గంటన్నర ముందే మొదలుపెట్టి చీకటి ముదరకముందే ముగించాలి. ఆరుబయట భోగిమంట, గాలిపటాలు ఉండవు. -20 కన్నా మెరుగ్గా ఉంటే మామూలే. అధ్యక్షులవారి ఉపన్యాసం కుదిస్తే ఆ గంటన్నర సులువుగా దొరుకుతుందని వేరే చెప్పాలా!

శనివారం సభకి గురువారం మధ్యాహ్నం సూచన చూసి "అనుమానం ఉంది" అని చెప్పండి, శుక్రవారం మధ్యాహ్నం సూచనతో తేల్చేయండి. ప్రధాన సూచన తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం నాలుగు ప్రాంతంలో మరోసారి మారుతుంది. మధ్యలో గంటగంటకీ చూసి కంగారుపడితే లాభం లేదు. ఆర్కిటిక్ గాలి వస్తుందన్న సంగతి నాలుగైదు రోజుల ముందే దాదాపుగా తెలిసిపోతుంది, తప్పేదల్లా అది దిగే వేళ. ఆరు గంటలు అటూఇటూ అయితే పై లెక్కంతా తారుమారు. వెదర్ సర్వీస్ ఫోర్‌కాస్టర్లు తమ సూచన మీద తమకెంత నమ్మకమో "ఏరియా ఫోర్‌కాస్ట్ డిస్కషన్"లో మామూలు మాటల్లోనే రాస్తారు. కార్యవర్గంలో ఒకరు దాన్ని చదివే పని తీసుకుంటే చాలు. కేటరింగ్ వాళ్లకు ప్లేట్ల లెక్క ముందే ఇవ్వాలి గనుక వాయిదా షరతు వాళ్ల ఒప్పందంలోనూ, హాలు ఒప్పందంలోనూ ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్లే చాలా సభలు, డబ్బు పోతుందన్న భయంతో, జరగకూడని రాత్రి జరుగుతున్నాయి.

జరిగే సభకు వచ్చేవాళ్ల సంగతి. పట్టులంగా మీద కోటు వేస్తే ఫొటో పాడవుతుందని పిల్లల్ని అలాగే తీసుకొస్తారు. ఉబ్బు కోటు వేసి కారు సీట్లో బెల్టు బిగిస్తారు కొందరు. అది ఇంకా ప్రమాదం. గుద్దుకున్నప్పుడు కోటులోని దూది నలిగి బెల్టు వదులవుతుంది. ముందు పలచటి బట్టల మీద బెల్టు బిగించి, తర్వాత కోటును తిరగేసి, చేతులు అందులోకి దూర్చి, దుప్పటిలా కప్పాలి. అమ్మమ్మలకు చెప్పుల బదులు మేజోళ్లు, బూట్లు. పట్టుచీర కిందివి ఎవరూ చూడరు. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లకు చలి కొరికినా తెలియదు. వాళ్లను తలుపు దగ్గరే దింపి, తలుపు దగ్గరే ఎక్కించుకోవాలి. చెవి కొసో వేలి కొసో తెల్లబడి, మైనంలా గట్టిపడి, స్పర్శ తెలియకపోతే రుద్దకూడదు, హీటరు ముందు పెట్టకూడదు. గోరువెచ్చటి నీళ్లు, ఆ తర్వాత డాక్టరు.

ఇంట్లో, బయల్దేరేటప్పుడు థర్మోస్టాట్ తగ్గించకండి. మన ప్రాంతపు ఫర్నేసుల్ని (ఇల్లు వెచ్చబెట్టే యంత్రాల్ని) మామూలుగా సున్నా చుట్టుపక్కల చలికి లెక్కగట్టి పెడతారు. -15లో అది ఆగకుండా నడుస్తోందంటే చెడిపోయిందని కాదు. పదిహేను గంటలు నడిచినా 70కి బదులు 67 దగ్గరే నిలబడిందంటే అది తన పని తాను చేస్తున్నట్టే. మనం వెళ్తూ 60కి దించితే, తిరిగొచ్చేసరికి బయట ఇంకా చలి ముదిరి ఉంటుంది, ఆ పది డిగ్రీలు ఎక్కడానికి తెల్లారుతుంది. గోడ పక్కన బయటికొచ్చిన ఫర్నేసు తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు రెండింటి మూతికి మంచు పట్టిందేమో చూడండి. మూసుకుంటే ఫర్నేసు తనంతట తానే ఆగిపోతుంది. బయటి గోడకు ఆనుకున్న సింకు కింద తలుపులు తీసి, కుళాయిని సన్నగా వదలండి. పైపు పగిలేది చాలావరకు మంచుగడ్డ దగ్గర కాదు. గడ్డకీ మూసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటి ఒత్తిడికి పగులుతుంది. కుళాయి కాస్త తెరిస్తే ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది.

కార్ల విషయంలో థర్మామీటరు అంకే చూడాలన్నాం. సున్నా డిగ్రీల దగ్గర మామూలు బ్యాటరీ తన బలంలో సగానికి పైగా కోల్పోతుంది, సరిగ్గా అప్పుడే చిక్కబడిన ఇంజనాయిల్ ఎక్కువ బలం అడుగుతుంది. నాలుగైదేళ్ల బ్యాటరీ అయితే పండగకు ముందే పరీక్ష చేయించాలి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడినప్పుడల్లా టైరులో గాలి ఒత్తిడి దాదాపు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. 45 డిగ్రీల గరాజ్ నుంచి -5లోకి వస్తే అయిదు పోయినట్టే, డాష్‌బోర్డు మీద లైటు అందుకే వెలుగుతుంది. 15 డిగ్రీల కింద రోడ్డు మీద మామూలు ఉప్పు పెద్దగా పనిచెయ్యదు. కూడళ్లలో ఆగిన కార్ల పొగలోని ఆవిరి అక్కడికక్కడే నల్లటి గాజులా గడ్డకడుతుంది. ఎలక్ట్రిక్ కార్లవాళ్లు హాలుకు రాకముందే ఇంటి దగ్గర ప్లగ్గులో ఉండగానే కారు వెచ్చబెట్టుకోవాలి. 2024 జనవరిలో ఇక్కడి చార్జింగ్ స్టేషన్ల దగ్గర కార్లు బారులు తీరి నిలిచిపోవడానికి ఒక కారణం, చల్లబడ్డ బ్యాటరీ కరెంటును గుటకలు గుటకలుగా తప్ప తీసుకోలేకపోవడం.

ఆఖర్న హాలు ఊడ్చి, గిన్నెలు సర్ది, తాళం వేసేవాళ్లు గుర్తుండాలి. వాళ్ల కార్లు మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి పదకొండు దాకా ఆ పార్కింగ్ లాట్‌లోనే ఉంటాయి. వాళ్లలో ఏ ఒక్కరూ మిగతావాళ్ల కార్లు స్టార్టయ్యేదాకా కదలకూడదని నియమం పెట్టండి. జంప్ స్టార్టర్ ఒకటి సంఘం ఖర్చుతో కొని, డిక్కీలో కాకుండా లోపల రిజిస్ట్రేషన్ బల్ల మీద ఉంచండి. డిక్కీలో ఉంటే దాని బ్యాటరీ కూడా చలికి బలం కోల్పోయి ఉంటుంది.