ఓడలో ముందు ఎవరెక్కాలి?

2020 మే 7న, కరోనా వేళ విదేశాల్లో చిక్కుకున్నోళ్లను తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైనప్పుడు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ఒకటే ఆరా: గల్ఫ్‌లో ఉన్న మనోడి వంతు ఎప్పుడు? గర్భిణులు, రోగులు, వీసా ముగిసినోళ్లు, పని పోయినోళ్లు ముందని ప్రభుత్వం చెప్పింది. వరుసలో పేరొచ్చినా చార్జీ పైసలు లేకపోతే ఆగిపోవడమే. యుద్ధం ముగిశాక విదేశాల్లోని సైనికులను ఇంటికి చేర్చడంలోనూ ఇదే చిక్కు. కాకపోతే అక్కడ వంతు కోసం ఎదురుచూసేవాడి చేతిలో తుపాకీ ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1945 మేలో, ఎవరు ముందు ఇంటికెళ్లాలో తేల్చడానికి అమెరికా సైన్యం పాయింట్ల లెక్క పెట్టింది. సర్వీసులో నెలకు 1, విదేశంలో ఉంటే నెలకు మరో 1, ఒక్కో పతకానికి, ఒక్కో పోరాట నక్షత్రానికి (ఒక పోరాటంలో పాల్గొన్నందుకు ఇచ్చే గుర్తు) 5, ముగ్గురు పిల్లల వరకు తలకు 12. మామూలు జవానుకు 85 వస్తే విడుదల. 30 నెలల సర్వీసు, అందులో విదేశంలో 18, రెండు నక్షత్రాలు ఉన్నవాడికి వచ్చేది 58. అదే మనిషికి ముగ్గురు పిల్లలుంటే 94! అంటే పిల్లల వల్ల వచ్చిన ఆ 36 పాయింట్లు, నెలకు 2 చొప్పున అతను విదేశంలో గడిపిన ఏడాదిన్నరతో సమానం. పెళ్లికి, వయసుకు మాత్రం సున్నా. ముందువరుసలో ఉన్నవాడికీ, అదే ప్రాంతంలో గోదాము లెక్కలు రాసేవాడికీ నెల పాయింటు ఒక్కటే.

బ్రిటన్ లెక్క ఇంతకంటే సులువు: రెండు నెలల సర్వీసు ఒక ఏడాది వయసుతో సమానం. నాలుగేళ్లు చేసిన 22 ఏళ్ల కుర్రాడూ, ఏడాది చేసిన నలభై ఏళ్లవాడూ ఒకే జట్టు; ఇద్దరికీ 46 (22+24, 40+6). బాంబులకు కూలిన ఇళ్లు కట్టడానికి మేస్త్రీల వంటివాళ్లను వంతు దాటించి పంపారు గానీ ఊరికే కాదు. మిగతావాళ్లకు 56 రోజుల జీతపు సెలవు, వీళ్లకు 21. ఆ పని వదిలేస్తే తిరిగి సైన్యంలోకే. నా దృష్టిలో మొత్తం పథకంలో తెలివైన భాగం ఇదే.

ఈ తెలివి బ్రిటిష్‌వాళ్లకు మొదటి ప్రపంచ యుద్ధం చివర దెబ్బ తిన్నాకే వచ్చింది. 1918లో యజమాని నుంచి ఉద్యోగపు ఉత్తరం తెచ్చుకున్నవాణ్ని ముందు వదిలారు. ఆ ఉత్తరాలు ఎక్కువగా ఉన్నది నిన్నమొన్న చేరినవాళ్ల దగ్గర. నాలుగేళ్లు కందకాల్లో గడిపినవాళ్లు వెనకబడ్డారు. 1919 జనవరిలో ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టోన్ రేవులో వేలమంది సైనికులు ఫ్రాన్స్‌కు తిరిగెళ్లే ఓడ ఎక్కేది లేదని మొండికేశాక, కొత్త యుద్ధమంత్రి చర్చిల్ వయసు, సర్వీసు, గాయాల లెక్కకు మారాడు.

ఎంత మంచి లెక్కైనా ఓడ లేకుంటే కాగితమే. పైగా పాయింట్లు మనిషికి వేస్తారు గానీ పటాలానికి కాదు. అనుభవమున్న హవల్దార్లు ముందు వెళ్లిపోతే మిగిలేది కొత్తవాళ్లే. ఓడలు ఎందుకు రావట్లేదో చెప్పకపోతే అనుమానం పెరుగుతుంది. 1946 జనవరిలో మనీలాలో అమెరికన్లు ఊరేగింపు తీశారు, కరాచీలో బ్రిటిష్ వైమానిక సిబ్బంది పని ఆపేశారు.

మన జవాన్ల సంగతి వేరు. జపాన్ లొంగిపోయాక కూడా డచ్చివాళ్ల వలస పాలనను నిలబెట్టడానికి భారత పటాలాలను ఇండోనేషియాలోని జావా దీవిలో ఉంచారు. ఆ డ్యూటీకి ఏ పాయింట్ల పట్టికా జవాబు చెప్పలేదు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో సమ్మెకు దిగిన నావికులు త్వరగా విడుదల చేయమని అడిగారు. ఇండోనేషియా నుంచి భారత సేనలను వెనక్కి పిలవమని కూడా అడిగారు. ఆఖరి పటాలాలు అక్కణ్నుంచి కదిలింది ఆ ఏడాది నవంబర్‌లో, అప్పటికి యుద్ధం ముగిసి పదిహేను నెలలు.