కుక్కకాటుకు కారం పెట్టమనే ఆ మెసేజ్ గురించి

"వైరస్ అనేదే లేదు, దాన్ని కంటితో చూసినవాడు లేడు, అన్నీ కంప్యూటర్ బొమ్మలే. కుక్క కరిస్తే కారం, సున్నం పెట్టండి చాలు, టీకా అంతా వ్యాపారం." అనంతపురం గ్రూపులన్నింట్లో ఈ పొడుగాటి మెసేజే తిరుగుతోంది. పంపినవాళ్లను అడిగితే "ఊరికే ఫార్వర్డ్ చేసినాన్నా" అంటారు.

కంటితో చూడలేదన్నది నిజమే. మామూలు మైక్రోస్కోపుకు అందనంత చిన్నది కాబట్టి ఎలక్ట్రాన్లతో చూస్తారు. 1939లోనే జర్మనీలో పొగాకు మొజాయిక్ వైరస్‌ను అలా ఫొటో తీశారు. అప్పుడు ఏ కంప్యూటర్ గీసిందో ఆ మెసేజ్ రాసినాయనే చెప్పాలి. అయితే ఒకటి ఒప్పుకుంటాను: వైరస్ బొమ్మల్లో కనిపించే ఆ ఎర్ర ముళ్లు, నీలం బంతులకు రంగులు మనుషులు పూసినవే. అసలు ఫొటోలో ఉండేది నలుపూ తెలుపే. ఆ ముక్క బొమ్మ కిందే రాసి ఉంటే ఇంత అనుమానం పుట్టేది కాదు.

వైరస్ మీది ప్రోటీన్ల ఆకారాలు కూడా ఏఐ ఊహలేనని ఆ మెసేజ్‌లోనే ఉంది, వాటికే 2024లో నోబెల్ ఇచ్చారట. మరి ఏఐ నేర్చుకున్నది దేన్ని చూసి? ప్రోటీన్లను స్ఫటికాలుగా చేసి, ఎక్స్‌రేలు పంపి, ఏ పరమాణువు ఎక్కడుందో దశాబ్దాలుగా కొలిచిపెట్టిన లెక్కల్ని చూసి. ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో మెలి తిరగగలదో 1963లో మద్రాసులో శాస్త్రవేత్త జి.ఎన్. రామచంద్రన్ బృందం తేల్చి, పటంగా గీసింది. కొత్త ఆకారం వస్తే ఇప్పటికీ ఆ పటంతో సరిచూస్తారు.

అయినా వైరస్ లేదని అనంతపురంలో కూర్చుని అనడమేంటి? 2000లో వేరుశనగకు కాండం కుళ్లు వచ్చి లక్షల ఎకరాలు దెబ్బతిన్నాయి. వయ్యారిభామ పుప్పొడితో, తామరపురుగులతో వచ్చిన టొబాకో స్ట్రీక్ వైరస్ పని అది. చేన్లను ఎండబెట్టింది కంప్యూటర్ బొమ్మేనా?

పది గ్రూపులకు పంపితే పుణ్యమన్న ముక్కకు జవాబు అక్కర్లేదు.

కుక్కకాటు మాటను మాత్రం నవ్వి వదిలేయలేం. పిచ్చికుక్క కాటుతో వచ్చే రేబిస్ వైరస్ తూటా ఆకారంలో ఉంటుంది. పైన కొవ్వు పొర, దాని మీద ప్రోటీన్ ముళ్లు. ఆ ముళ్లతో నరాల కణాలను పట్టుకుని మెదడుకు పాకుతుంది. సబ్బు ఆ కొవ్వు పొరను చెదరగొడుతుంది, పావుగంట సేపు పారే నీళ్ల కింద సబ్బుతో కడగమనేది అందుకే. టీకా ఆ ముళ్లకు అతుక్కుని అడ్డుకునే యాంటీబాడీలను తయారుచేయిస్తుంది. మరి కారం? గాయాన్ని మండిస్తుంది. వైరస్‌కు కారం రుచి తెలియదు సామీ! పైకి గాయం మానుతుంది. వారాలకో నెలలకో నీళ్లంటే భయం మొదలైతే, ఇక దాదాపు ఎవరూ బతకరు.

"మా తాత కారం పెట్టుకునే బతికినాడు" అంటారు. ఆ కుక్కకు పిచ్చి ఉండి ఉండదు, అంతే. కారం పెట్టుకుని పోయినవాళ్లు వచ్చి గ్రూపులో మెసేజ్ పెట్టరు కదా!

ఇంకా టీకా వ్యాపారమట. సర్కారు ఆసుపత్రిలో ఆ సూదికి డబ్బులు తీసుకోరు. కరిచిన రోజే మొదలుపెట్టి, 3, 7, 28వ రోజుల్లో మళ్లీ వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే గాయంలో వేసే ఇమ్యునోగ్లోబులిన్ (ముందే తయారైన యాంటీబాడీల మందు) గురించి కూడా డాక్టరును అడగండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే టెన్షన్ వద్దు, ఆ పద్ధతి ఎప్పుడో పోయింది. ఇప్పుడు వేసేది భుజాలకే.