శాతం చూసి దొంగ అనేస్తారా?

విద్యార్థి రాసిన థీసిస్ చదవకుండానే, కాపీని పట్టడానికి వాడే సాఫ్ట్‌వేర్ చూపించిన శాతాన్ని పట్టుకుని దొంగ అనేస్తుంటే ఒళ్లు మండిపోతోంది. ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలిసిందల్లా ఈ వాక్యాలు తన దగ్గరున్న వ్యాసాలతో, పుస్తకాలతో ఎంత కలుస్తున్నాయో చూపించడమే. మూలం చెప్పి, కొటేషన్ గుర్తుల్లో పెట్టిన వాక్యమైనా కలుస్తుంది. రెఫరెన్సుల జాబితా కూడా కలుస్తుంది. అది కాపీయో కాదో తేల్చాల్సింది చదివే మనిషి. ఆ ఓపికే ఎవరికీ లేదు!

డబ్బిచ్చి వేరేవాళ్లతో కొత్తగా రాయించుకున్నవాడి థీసిస్‌కి మాత్రం సాఫ్ట్‌వేర్ రిపోర్టు శుభ్రంగా వస్తుంది. వాడికి ఏ టెన్షనూ లేదు.

ఇప్పుడు రాసింది మనిషో ఏఐయో చెబుతామనే ఏఐ డిటెక్టర్లు తోడయ్యాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో అలాంటి టూల్ ఒకటి విడుదల చేసి, కచ్చితత్వం తక్కువగా ఉందని అదే ఏడాది జులైలో తీసేసింది. వాళ్ల సొంత పరీక్షల్లోనే అది మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ రాతగా చూపించింది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల వ్యాసాలను డిటెక్టర్లు మరీ ఎక్కువగా తప్పుపడుతున్నాయని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కూడా ఆ ఏడాదే చెప్పారు. అయినా వాటి మాట మీద మార్కులు ఆపేస్తారా? నిజంగా తనే రాసిన విద్యార్థి దాన్ని ఎలా రుజువు చేసుకోవాలి?

ఎదురుగా కూర్చోబెట్టి పావుగంట ప్రశ్నలడిగితే ఎవరు రాశారో చాలావరకు తెలిసిపోతుంది. కానీ థీసిస్ రాయించే ఒక్కో గైడుకి అంతమంది విద్యార్థులను అంటగడితే ఆ పావుగంట ఎక్కణ్నుంచి వస్తుంది? నాణ్యత తనిఖీకి వచ్చే కమిటీలు ముందు ఒక్కో గైడుకి ఎంతమంది ఉన్నారో అడగాలి, సాఫ్ట్‌వేర్ కొన్నారా అని కాదు.